కిటికీలో గులాబీ గంటలు

పోయిన వారం మన నర్సరీ మేడమ్‌ని ఖాళీ కుర్చీల మధ్య వదిలేసి వచ్చాం. అందరూ లేచి వెళ్ళిపోయాక ఆమె ముందు బల్ల మీద ఒక గుడ్డసంచి మిగిలింది. అది ఆమె ఆడపడుచుది, వరసకి వదిన. కొండ మీది వెండాకు గింజలు ఏళ్ళ తరబడి ఆ సంచిలోనే కిందికి దిగాయి. "నాటినవాటిలో సగానికి సగం వెండాకు కాదు, గింజల సంచిలోనే కల్తీ జరిగింది" అని మేడమ్ నలుగురి ముందూ అనేసింది. ఆడపడుచు మాటకు మాట అనలేదు. సంచి భుజం మీంచి తీసింది, మడిచి బల్ల మీద పెట్టింది, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. వెండాకు అంటే మోకాలెత్తు మొక్క. ఆకు పైన పచ్చగా, అడుగున వెండి రంగులో ఉంటుంది. ఆ వెండి కూడా పసిమొక్కకి రాదు, మొగ్గ తొడిగే ఈడుకే వస్తుంది. వేరు కాలేయం జబ్బులకి మందు. ఆ మంచి పేరే దాని కొంప ముంచింది. మందుకని తవ్వి తవ్వి కొండంతా బోడి చేశాక, పైన పెద్ద బండ దగ్గర గుప్పెడు మొక్కలు మిగిలాయి. వాటి గింజలతో మళ్ళీ కొండ నింపడమే ఈ నర్సరీ పని. పోయిన వానల్లో బడిపిల్లలతో సహా ఊరంతా కొండెక్కి నాటారు. ఈ వానలకి అవి మొగ్గ తొడుగుతున్నాయి. వెండి మాత్రం సగం మొక్కలకి రాలేదు. అదీ సంగతి.

ఆ మీటింగు తర్వాత మేడమ్ ఇంట్లో మాటలు బందయ్యాయి. ఆమె భర్త వాచీలు బాగుచేసే మనిషి, అసలే మితభాషి. భోజనానికి కూర్చుంటాడు, కంచం కడిగి బోర్లిస్తాడు, దుకాణానికి పోతాడు. ఒక్కసారి మాత్రం, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ, గోడతో చెప్పినట్టు అన్నాడు.

"మా అక్క గుప్పెడు గింజల కోసం అబద్ధమాడే మనిషా?"

దానికి మేడమ్ దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. పైదాకా ఎక్కడానికి బద్ధకించి, దారి పక్కన దొరికిన గింజలు కలిపి సంచి నింపేసి ఉంటుందని. ఆ జవాబు నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూర్చుంది. అతను చెప్పులు దొరకబుచ్చుకుని వెళ్ళిపోయాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె ఆఫీసులో ఒక్కతే కూర్చుంది. ఆఫీసంటే ఏదో మేడ అనుకునేరు, ఒకటే గది. బల్ల అందులోనే, మీటింగులు అందులోనే, టీ కెటిలూ అందులోనే. కిటికీ కింద తల్లిమడి ఉంది. కొండ గింజలతో పెంచిన మొదటి మొక్కలు అందులో ఉంటాయి, నర్సరీకి గింజ కట్టిచ్చేవి అవే. అనుక్షణం కళ్ళెదుట ఉండాలని ఆమే పట్టుబట్టి అక్కడ వేయించింది. కిటికీ గట్టు మీద ఒక కుండీ. దాని నిండా గులాబీ రంగు పూలు, చిన్న చిన్న గంటల్లా వేలాడుతూ.

ఒక తేనెటీగ వచ్చింది. కుండీలో ఒక గంటలోకి తల దూర్చింది, వెనక్కి వచ్చింది, ఇంకో గంటలోకి దూరింది. ఒళ్ళంతా పుప్పొడి పూసుకుని, తాపీగా గట్టు దిగి, తల్లిమడిలో అప్పుడే విచ్చిన తెల్లపువ్వు మీద వాలింది. నీళ్ళు పట్టే మడి కాబట్టి అక్కడ పూలు కొండ మీద కంటే ముందే విచ్చుకుంటాయి. మేడమ్ చేతిలో పెన్ను ఆగింది. ఇంకో తేనెటీగ వచ్చింది. అదీ అలాగే చేసింది. ఆ దారి వాటికి బాగా అలవాటైనట్టుంది.

ఆమె లేచి కిటికీ తలుపు మూసింది. బయట మిగిలిన తేనెటీగ అద్దానికి కొట్టుకుంటూ లోపలికి రావాలని చూస్తోంది. మూసి ఏం లాభం? ఆ తలుపు మూయాల్సింది రెండేళ్ళ కిందట.

గులాబీ గంటలకీ వెండాకుకీ దగ్గరి చుట్టరికం. వరసకి అక్కచెల్లెళ్ళ బిడ్డలు. ఒకటి తోటల్లో సోకులు నేర్చింది, ఇంకోటి కొండ మీద ముతకగా పెరిగింది. పక్కపక్కన పెడితే కలిసిపోతాయని ఈ చదువు చదివిన ప్రతివాళ్ళకీ తెలుసు, మేడమ్‌కి మరీ బాగా తెలుసు. "బయటి మొక్కలు లోపలికి తేరాదు" అని గేటు మీద బోర్డు రాయించింది ఎవరు? ఆమే. తోటమాలి ముచ్చటపడి ఒక రోజా కుండీ తెచ్చుకుని పంపు పక్కన పెట్టుకుంటే, అక్షరాలు రావా అని అడిగి, అప్పటికప్పుడు గేటు బయట పెట్టించింది ఎవరు? ఆమే. పాపం ఆ మనిషి ఆ కుండీని సైకిలు మీద కట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

మరి తన కుండీ? అది నర్సరీలో లేదు కదా, ఆఫీసు గదిలో ఉంది. గది వేరు, మడి వేరు అనుకుంది. కిటికీ అనేది ఒకటుంటుందని, అది పొద్దస్తమానం తెరిచే ఉంటుందని అంత చదువుకీ తట్టలేదు.

ఆ కుండీ వచ్చిన కథ కూడా చెప్పుకోవాలి. మేడమ్‌కి ఈ ఉద్యోగంలో పెద్ద కుర్చీ వచ్చిన రోజున అత్తగారు స్వయంగా పెంచిన పిలకని కుండీలో పెట్టి, గుండెలకి హత్తుకుని తెచ్చి ఇచ్చింది. మేడమ్‌కి గులాబీ రంగంటే ఒళ్ళు మంట. ఇంట్లో పెట్టుకుంటే రోజూ చూడాలి, పారేస్తే అత్తగారు ఊరుకోదు. మొహమాటానికి ఆఫీసుకి తెచ్చి పడేసింది. అత్తగారికి మాత్రం అదో గొప్ప. మా కోడలు నా మొక్కని ఆఫీసులో పెట్టుకుందని వీధిలో చెప్పని గుమ్మం లేదు.

అనుమానం వచ్చాక కాళ్ళు ఊరుకుంటాయా. మేడమ్ బయటికి నడిచింది. నర్సరీలో నారు ట్రేలకి రంగు పుల్లలు గుచ్చుతారు. తల్లిమడి గింజకి ఎర్రపుల్ల, వదిన సంచి గింజకి పచ్చపుల్ల. నాటేటప్పుడు పుల్లలు తీసేసి కడిగి మళ్ళీ వాడుకుంటారు కాబట్టి కొండ మీద ఏది ఎవరిదో పోల్చుకోలేరు. పోయినేడు ఎర్రపుల్ల మొక్కలు దుక్కల్లా లేచాయి. వచ్చినవాళ్ళందరికీ వాటినే చూపించి మురిసిపోయింది. కొండ మీద మంచి మంచి చోట్లన్నీ వాటికే ఇచ్చింది. పచ్చపుల్ల మొక్కల్లో బాగున్నవి తీసుకుని, పీలగా ఉన్నవి పనికిరావని షెడ్డు వెనక పడేయించింది.

షెడ్డు వెనక ఆ ట్రేలు ఇంకా ఉన్నాయి. ఎవరూ నీళ్ళు పట్టకపోయినా వాననీళ్ళతో బతికాయి. జానెడు ఎత్తున, బక్కగా, మట్టి పట్టిన పచ్చపుల్లల పక్కన, మొగ్గలతో. మేడమ్ వంగి ఒక ఆకు తిరగేసింది. వెండి. పక్కది తిరగేసింది. వెండి. ట్రే ట్రే అంతా వెండి. ఒక్కటి కూడా తప్పలేదు.

మంచి గింజ వదినది. చెడ్డ గింజ తనది. బలంగా ఎదిగాయని తను ముద్దు చేసినవే ఈ కలగాపులగపు మొక్కలు. రెండు జాతులు కలిస్తే మొదటి తరం ఏపుగా లేస్తుందని ఆమె ఎందరికో పాఠం చెప్పింది కూడా. మెడ దగ్గర మొదలైన వేడి చెవుల దాకా పాకింది. ఆమె అక్కడే, తడిమట్టిలో, చీర చూసుకోకుండా కూలబడింది.

సిగ్గు పడినవాళ్ళు వెంటనే మంచివాళ్ళు అయిపోతారనుకోవడం పొరపాటు. మేడమ్ లేచి మొట్టమొదట చేసిన పని ఏమిటంటే, కుండీని ఎత్తి సామాన్ల గదిలో పెట్టి, దాని మీద గోనెపట్టా కప్పడం. ఎవరూ చూడలేదు. పట్టా కిందే పూలు రాలిపోతాయి, కుండీ మాయమైపోతుంది. వదిన ఎలాగూ నోరు తెరవలేదు. జరిగింది జరిగిపోయింది, కొండ మీది చెడ్డ మొక్కల్ని ఏదో ఒక వంకతో పీకించేయొచ్చు. ఇదంతా ఆమె మనసులో గబగబా తయారైపోయింది. తీరా వెనక్కి తిరిగితే గుమ్మంలో తోటమాలి, చేతిలో నీళ్ళ డబ్బాతో.

అతను రోజూ ఆ వేళకి కుండీకి నీళ్ళు పోసేవాడు. కిటికీ గట్టు ఖాళీగా ఉంటే వెతుక్కుంటూ వచ్చాడు. పట్టా కింద నుంచి గులాబీ రంగు తొంగిచూస్తూనే ఉంది. అతను ఒకసారి దానికేసి చూశాడు, ఒకసారి మేడమ్ మోకాళ్ళ మీది మట్టికేసి చూశాడు.

"గేటు బయట పెట్టమంటారా, మేడమ్?" అని అడిగాడు. గొంతులో వెటకారం ఉందో లేదో ఆమెకి అంతుపట్టలేదు. ఉన్నా తప్పు పట్టే హక్కు తనకి లేదనుకుంది.

వద్దంది. ఆ పూలన్నీ తుంచి పాతరేయమని, మొక్కని వేళ్ళతో సహా కాల్చేయమని చెప్పింది. వదిన సంచిని తీసుకుంది. లోపల పోయిన వానల చివర ఏరిన గింజలు చిన్న చిన్న మూటలుగా అలాగే ఉన్నాయి. ఈ ఏడు చల్లాల్సినవి. దాన్ని భుజానికి తగిలించుకోబోయి, తన భుజానికి ఆ అర్హత లేదనిపించి, చేత్తోనే పట్టుకుని బయల్దేరింది.

వదిన, అత్తగారూ ఉండేది ఒక ఇస్త్రీ దుకాణం మీద రెండు గదుల్లో. దారి పొడవునా మేడమ్ మాటలు కూడగట్టుకుంది. పొరపాటు జరిగింది వదినా అందామనుకుంది. అది దానంతట అదే జరిగినట్టు ఉందని తీసేసింది. తొందరపడ్డాను వదినా అందామనుకుంది. తొందరేమీ లేదు, తాపీగా, నీళ్ళు తాగి మరీ అంది ఆ మాట. మెట్లెక్కేసరికి ఒక్క మాట కూడా మిగల్లేదు.

తలుపు తీసింది అత్తగారు. కోడల్ని చూడగానే ముఖం చాటంత చేసుకుని, లోపలికి లాక్కుపోయి, ఫ్యాను కింద కూర్చోబెట్టింది. ఆవిడకి ఏమీ తెలియదని రెండో మాటకే అర్థమైంది. మోకాళ్ళ నొప్పులని కూతురు సెలవు పెట్టిందట. నువ్వయినా చెప్పమ్మా, ఎప్పుడూ ఆ కొండలెక్కడమేనా అని వాపోయింది. ఆ తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, అసలు సంగతికి వచ్చింది.

"నా గంటల మొక్క ఎలా ఉంది, అమ్మాయ్? పూస్తోందా?"

మేడమ్ తలూపింది.

"పూస్తుంది మరి. నా చేతి మొక్క కదా" అని అత్తగారు పొంగిపోయి, టీ పెట్టడానికి లేచింది. వదిన డాబా మీద బట్టలు ఆరేస్తోందని, పిలుచుకురమ్మని చెప్పింది.

డాబా మీద వదిన దుప్పటి దులుపుతోంది. నోట్లో బట్టల క్లిప్పు. మరదల్ని చూసింది, చేతిలోని సంచిని చూసింది, మళ్ళీ దుప్పటి దులిపింది. మేడమ్ దుప్పటి రెండో కొస అందుకోబోయింది. వదిన ఆ కొసని తనవైపు లాక్కుని తనే తీగ మీద వేసుకుంది. మేడమ్ చేతులు గాల్లో ఉండిపోయాయి.

"వదినా, కల్తీ మీ సంచిలో లేదు. నా కిటికీలో ఉంది."

అంతే, ఆ తర్వాత ఆగలేదు. తేనెటీగ సంగతి, ఎర్రపుల్లల సంగతి, షెడ్డు వెనక ట్రేల సంగతి, ఆఖరికి గోనెపట్టా సంగతి కూడా చెప్పేసింది. పట్టా సంగతి చెప్పకపోయినా జరిగేదే. కానీ అదొక్కటీ దాచుకుంటే మిగతాదంతా చెప్పి ప్రయోజనం లేదనిపించింది. వదిన అన్నీ విన్నది. క్లిప్పు నోట్లోంచి తీసి దుప్పటికి పెట్టింది.

"తెలుసు" అంది.

మేడమ్‌కి అర్థం కాలేదు.

"ఆ రోజు నువ్వు కిటికీకి వీపు పెట్టి నిలబడ్డావు. నీ భుజం పక్కనుంచి మా అమ్మ మొక్క నాకు కనబడుతూనే ఉంది. నువ్వు కల్తీ అన్నప్పుడు దాని మీద తేనెటీగ ఉంది. అప్పుడే తెలిసిపోయింది."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు, వదినా?"

"చెబితే ఏమయ్యేది? కొండ చెడగొట్టింది ఫలానా ముసలావిడ అని ఊరంతా అనేవాళ్ళు. ఆవిడకి ఉన్న ఒక్క ముచ్చట అది. నా మీద పడ్డ మాటంటావా, నేను మోసుకోగలను. ఆవిడ మోయలేదు."

కింద ఇస్త్రీ దుకాణంలోంచి నీళ్ళు చిలకరించిన బట్ట మీద పెట్టె పడిన చప్పుడు వస్తోంది. వదిన ఇంకో బట్ట తీసి పిండింది. పిండాల్సిన దానికంటే గట్టిగా పిండింది.

"ఇంకోటి కూడా ఉంది. నువ్వు నన్ను అడగలేదు. ఏం జరిగింది వదినా అని ఒక్క మాట, ఇంట్లో, నలుగురూ లేనప్పుడు అడిగి ఉంటే అప్పుడే ఇద్దరం కూర్చుని చూసుకునేవాళ్ళం. మా తమ్ముడి పెళ్ళైన నాటినుంచి నీతో ఒక మాట పట్టింపు లేదు నాకు. నువ్వు తిన్నగా అందరికీ చెప్పేశావు. నేను పొద్దున్నే లేచి ఆ బండ మీద గోళ్ళతో ఏరిన గింజలు. ఒక్కో మొక్క నాకు ముఖం తెలుసు."

మేడమ్ ఏడవలేదు. ఏడిస్తే వదిన ఓదార్చాల్సి వస్తుందని బలవంతాన ఆపుకుంది. ఆ మాత్రం సిగ్గు మిగిలింది. క్షమించమని అడగబోతే వదిన చెయ్యెత్తి ఆపేసింది.

"అది అడగకు. ఇప్పుడు నా దగ్గర లేదు. ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందే చెప్పు. అమ్మ పేరు రానివ్వకు. కుండీ నీది, కిటికీ నీది."

"నాదే" అంది మేడమ్.

అక్కడికక్కడే, వదిన ఎదురుగానే తన పైఅధికారి డైరెక్టరు గారికి ఫోను చేసింది. ఆయన చాలాసేపు విన్నాడు. మధ్యలో ఒక్కసారి మాత్రం, మీ గదిలోని కుండీయేనా అని అడిగాడు. ఆ కుండీ చాలా బాగుందని పోయిన నెలే ఆయన మెచ్చుకున్నాడు మరి. మేడమ్ అసలు ముప్పేమిటో చెప్పింది. కొండ మీది చెడ్డ మొక్కల మొగ్గలు ఇంకా విచ్చలేదు. విచ్చాయంటే వాటి పుప్పొడి పై బండ దగ్గరి అసలు మొక్కలకి చేరుతుంది. ఆ గుప్పెడూ చెడిపోతే ఇక ఎక్కడా వెండాకు లేదు. ఈలోపే వెండి లేని ప్రతి మొక్కనీ పీకేయాలి. పిల్లలు పేర్లు పెట్టుకుని నాటినవీ, పెద్దలు ఫొటోలు దిగినవీ, అన్నీ. ఆయన నిట్టూర్చాడు. రేపు పొద్దున అదే గదిలో అందర్నీ పిలుస్తానని, మీరే చెప్పండని, చెప్పాక అటునుంచి అటే కొండెక్కుదామని అన్నాడు.

మేడమ్ ఫోను పెట్టేసింది. వెండి ఇంకా రానిదేదో, ఎప్పటికీ రానిదేదో మొగ్గ దశలో తేల్చి చెప్పగల కళ్ళు కొండ మొత్తం మీద రెండు జతలే ఉన్నాయి. అందులో ఒక జతని తనే వెళ్ళగొట్టింది. రమ్మని అడగడానికి మేడమ్‌కి నోరు రాలేదు. వదిన ఖాళీ బకెట్టు అందుకుంది.

"నీకోసం కాదు, ఆ మొక్కల కోసం వస్తాను" అంది. ఆ తర్వాత, మెట్ల దగ్గర, సంచి కోసం చెయ్యి చాచింది. మేడమ్ ఇచ్చింది. వదిన మూటలు ఒక్కొక్కటే వేళ్ళతో తడిమి చూసుకుంది, దాన్ని భుజానికి తగిలించుకుంది. "దీన్లో ఒక్క గింజ తేడా ఉంటే నా పేరు మార్చుకుంటా" అంది. ఆ రోజు మీటింగులో అనకుండా మింగిన మాట అది. మేడమ్ తలొంచుకుని వెనకే దిగింది.

లోపల టీలు చల్లారిపోతున్నాయి. అత్తగారు కోడలి కప్పు మీద మూత పెట్టి ఉంచింది. కూతురి భుజాన సంచి చూసి, మోకాళ్ళు నయమైపోయాయా అని ఆశ్చర్యపోయింది. రేపు ఇద్దరం కలిసి కొండకి వెళ్తున్నామని వదిన చెప్పింది. అత్తగారికి ఆ మాట ఎంత తీయగా తగిలిందో ఆవిడ ముఖమే చెప్పింది. ఈ మధ్య కూతురూ కోడలూ మాట్లాడుకోవడం లేదని ఆవిడ కనిపెట్టకపోలేదు, అడగలేక ఊరుకుంది.

"అయితే పైదాకా వెళ్ళండి. నా పిల్లలు ఎలా ఉన్నాయో చూసి రండి."

ఏ పిల్లలమ్మా అని వదిన నవ్వుతూనే అడిగింది.

అత్తగారు చీర చెంగుతో మూతి తుడుచుకుని, దాచుకున్న తాయిలం బయటపెట్టినట్టు చెప్పడం మొదలుపెట్టింది. పోయిన వానల్లో, అందరూ నాటడానికి వెళ్ళిన రోజున, నర్సరీ వ్యాను ఈ ఇంటి కింది ఇస్త్రీ దుకాణం దగ్గర తాగేనీళ్ళు పట్టుకోవడానికి ఆగిందట. ఎక్కలేని దాన్ని, నేను మాత్రం ఊరికే కూర్చోవడమేమిటని, తన గంటల మొక్క పిలకల్ని చిన్న చిన్న డబ్బాల్లో సర్ది డ్రైవరుకి ఇచ్చిందట. ఎక్కడ నాటాలో కూడా ఆవిడే చెప్పింది. కోడలు ఇంట్లో ఎప్పుడూ చెబుతుంటే వింది కదా, పెద్ద బండ దగ్గర నీళ్ళూరుతాయని. ముందువైపు జనం తొక్కుతారు, బండ వెనకవైపు పెట్టు నాయనా అంది. అతను బుద్ధిమంతుడు, చెప్పింది చెప్పినట్టు చేశాడు.

"పూలతో ఉన్నవే పంపాను. మీది మరీ తెల్లపువ్వాయె, ఎవరు తలెత్తి చూస్తారు? కాస్త రంగుంటే నీకూ సాయంగా ఉంటుందని, అమ్మాయ్. మొన్న డ్రైవరు కనపడి చెప్పాడు, ఈ ఏడు కూడా విరగబూశాయట."

మేడమ్ కప్పు బల్ల మీద పెట్టేసింది. పోయిన వానల్లో, పూలతో, పై బండ వెనక. కొండ మీద మొగ్గలు విచ్చకముందే పరుగెత్తాలని తను లెక్కలు వేస్తోంది. అక్కడ ఆ గుప్పెడు మొక్కల నెత్తి మీద ఏడాది కిందటే గంటలు విచ్చుకున్నాయి. గింజలు ఏరేవాళ్ళు బండ ముందువైపే ఏరతారు, వెనక్కి పోయే పనేముంటుంది? ఆ రెండో వైపు ఏముందో తేనెటీగలకి మాత్రమే తెలుసు. ఆ వానల చివర ఏరిన గింజలే ఇప్పుడు ఆ సంచిలో ఉన్నాయి.

ఆమె వదిన వైపు చూడలేకపోయింది. చూడకుండానూ ఉండలేకపోయింది. నాటిన మొక్కల సంగతిలో తను అన్నది పచ్చి అబద్ధం. ఆ అబద్ధమే ఇప్పుడు నిజమై వచ్చి ఈ గదిలో కూర్చుంది.

వదిన ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే నిలబడింది. నెమ్మదిగా సంచి భుజం మీంచి తీసింది. మడిచింది. టీ కప్పుల పక్కన బల్ల మీద పెట్టింది, ఆ రోజు పెట్టినట్టే. తల్లి సంతోషంగా ఆమెకేసి చూస్తోంది, మెచ్చుకోలు కోసం.

"ఎన్ని పంపావమ్మా?" అని అడిగింది వదిన. గొంతు ఎక్కడా తొణకలేదు.

అత్తగారు చెయ్యి చాపి, కళ్ళు పైకెత్తి, ఒక్కో వేలే మడుస్తూ గుర్తుచేసుకోసాగింది. పెరటి తొట్టిలోవి, నూనెడబ్బాలోవి, పక్కింటావిడ ఇచ్చిన గిన్నెలోవి. ఒక చెయ్యి అయిపోయింది. ఆవిడ ముచ్చటగా నవ్వి, రెండో చెయ్యి చాపింది.